రెండు వందల పన్నెండో ఫోటో

గీలాంగ్,
4 మార్చి 2007.

నోలా పిన్నికి,

అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఆమె అల్మారా అడుగున ఉన్న నాలుగు బిస్కెట్ డబ్బాలు నేను తెచ్చుకున్నానని నీకు తెలుసు కదా. వాటిలో బిస్కెట్లు లేవు, మనమందరం ఉన్నాం. ఆరు వందల ముప్ఫై ఒక్క ఫోటోలు. ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను.

ఎక్కించడం సగం పనే. కంప్యూటర్లో ప్రతి ఫోటో వెంట రాసుకోవడానికి కొన్ని గళ్ళు ఉంటాయి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు, ఏం జరుగుతోంది. అవి నింపితే ఫోటో ఎక్కడికి పోతే ఆ మాటలూ అక్కడికి పోతాయి. నింపకపోతే ఇంకో ముప్ఫై ఏళ్ళకు మనమంతా ఎవరో టోపీలు పెట్టుకున్న జనం అయిపోతాం. లైబ్రరీలో పాత ఫోటోల గదిలో పనిచేసినదాన్ని, అలాంటి జనాన్ని వేలమందిని చూశాను.

క్రిస్మస్‌కు అందరి ఇళ్ళకూ తలా ఒక డిస్క్ పంపాలని ఆశ. మొదటి నూటికి ప్రింట్లు తీసి, నంబర్లు వేసి పంపుతున్నాను. నాకు తోచింది పెన్సిల్‌తో రాశాను. తప్పులు దిద్దు. ఫోన్ చేస్తే నీకు వినపడదు, పైగా నామీద కేకలేస్తావు. అందుకే ఉత్తరం.

ప్రేమతో,
గ్లెనిస్

&nbsp;

కొత్త మురాంగా,
15 మార్చి 2007.

అమ్మాయ్ గ్లెనిస్,

నీకు పనీపాటా లేదని తెలుసుగానీ మరీ ఇంత లేదనుకోలేదు. పోస్టు ఆవిడ ఆ కట్టను నా చేతిలో పెట్టి, "ఏంటి నోలా, నీమీద ఎవరన్నా కేసు పెట్టారా?" అంది.

చూశాను. అద్దాలు మార్చి మార్చి చూశాను. సగానికి సగం తప్పులు. పదిహేడో నంబరు కింద ఏం రాశావు? "కొత్త మురాంగా, అమ్మమ్మ ఇంటి వరండా, 1960?" అని. అదే వరండా, అదే తలుపు, తలుపు పక్కన అదే పగిలిన గాజు. నిజమే. కానీ ఆ ఇల్లు ట్రక్కెక్కింది తల్లీ! జలాశయం కడతాం, లోయంతా మునుగుతుంది అన్నప్పుడు ఊళ్ళో చెక్క ఇళ్ళన్నీ పునాదుల మీద నుంచి లేపి, ట్రక్కుల మీద ఈ గుట్టకు తెచ్చి పడేశారు. మా అమ్మ గోడకున్న పటాలు కూడా దించలేదు. దారి పొడవునా ట్రక్కు వెనకాలే నడుస్తూ, "మెల్లగా పోనివ్వరా, లోపల నా గాజు సామానుంది" అని అరుస్తూనే ఉంది. అక్కడ వరండా ఏటివైపు ఉండేది, ఇక్కడ రోడ్డువైపు పెట్టారు.

కాబట్టి ఇంటిని చూసి ఊరు చెప్పకు. ఇక్కడివాళ్ళే ఆ తప్పు చేస్తారు, నువ్వెంత. వెనకాల కొండ చూడు. పదిహేడులో వెనక రెండు మూపుల కొండ ఉంది. అంటే అది పాత ఊరు. కొండను మాత్రం ఎవరూ ట్రక్కెక్కించలేదు.

ఇంకోటి. "ఎవరు తీశారు" అన్నచోట ఖాళీగా వదిలావు. ఎవరు తీస్తారు? మీ అమ్మే. ఆ డబ్బా కెమెరా ఇంకొకరి చేతికి ఇచ్చేదా? నలభై ఎనిమిదో ఫోటోలో గడ్డి మీద టోపీ నీడ పడింది చూడు, అదీ మా అక్క. వంద ఫోటోల్లో అంతకుమించి కనపడదు.

దిద్దినవి పంపుతున్నాను. తర్వాతవి పెద్దవిగా తియ్యి.

నోలా పిన్ని

&nbsp;

గీలాంగ్,
2 ఏప్రిల్ 2007.

పిన్నీ,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత కూర్చుని ముప్ఫై నాలుగు ఫోటోలకు ఊరు మార్చాను. ఇప్పుడు ప్రతిదానిలోనూ ముందు కొండ వెతుకుతున్నాను. ముప్ఫై ఏళ్ళ నా ఉద్యోగంలో ఎవరూ నేర్పని సంగతి నువ్వు ఒక్క పేజీలో నేర్పావు.

"ఎవరు తీశారు" అన్నచోట ఊనా, ఊనా, ఊనా అని రాసుకుంటూ పోతుంటే చిన్నప్పుడు బళ్ళో కాపీ రాసినట్టుంది. నాకిప్పుడు అమ్మ మీద కొత్తగా గౌరవం పుడుతోంది. ప్రతి ఫోటో వెనకా ఎంత రాసిందో! నూట మూడు చూడు: "నోలా చేసిన స్పాంజి కేకు. ఒక పక్క కుంగింది. కుంగని పక్క నుంచి తీశాను." నూట ఇరవై: "మంచు పడ్డ మూడో రోజు. గొర్రెలు పదకొండు కనపడుతున్నాయి, పన్నెండోది నా వెనక ఉంది." లైబ్రరీలో చదువుకుని ఉద్యోగానికి వచ్చిన పిల్లలకు ఇలా రాయమని చెప్పి చెప్పి అలిసిపోయేదాన్ని. బట్టలు కుట్టుకునే అమ్మకు ఎవరు చెప్పారు?

రెండో నూరు పంపుతున్నాను. నూట నలభై ఆరులో నీ ఒళ్ళో పసిబిడ్డ ఉంది. వెనక తేదీ మాత్రమే ఉంది. నీ కూతురు జానిస్ అనుకుందామంటే తేదీ కుదరడం లేదు. ఎవరు?

గ్లెనిస్

&nbsp;

కొత్త మురాంగా,
14 ఏప్రిల్ 2007.

గ్లెనిస్,

కేకు సంగతి కూడా డిస్క్‌లో పెడతావా? అరవై ఏళ్ళయినా మా అక్క నన్ను వదలదు. కానీ నువ్వన్నది నిజం. ఫోటో వెనక పురాణం రాస్తోందని అందరం ఏడిపించేవాళ్ళం. మీ బాబాయి లెస్ అయితే, "వదినా, నా బొమ్మ వెనక నా బూట్ల సైజు కూడా రాయి" అనేవాడు. ఆవిడ నిజంగానే రాసేసింది. నూట డెబ్బై ఎనిమిది చూడు.

నూట నలభై ఆరులో బాబు కోలిన్. నా మొదటివాడు. యాభై అయిదు చలికాలంలో పుట్టాడు, ఐదు వారాలు ఉన్నాడు, పోయాడు. ఊపిరితిత్తులు. నీకు నాలుగేళ్ళు అప్పుడు, గుర్తుండదు. పాత ఊళ్ళో చర్చి పక్కన పెట్టాం. ఊరు కదిపేటప్పుడు, కావాలన్నవాళ్ళ సమాధులు కూడా పైకి తెస్తామని జలాశయం ఆఫీసువాళ్ళు అన్నారు. నేను అప్పుడు జానిస్ కాన్పుకు కూమా ఆస్పత్రిలో ఉన్నాను. నేను వచ్చేసరికి లెస్ అన్నీ చూసుకున్నాడు. కోలిన్ ఇప్పుడు ఇక్కడి శ్మశానంలో వాళ్ళ నాన్న పక్కనే ఉన్నాడు. ఆదివారం ఆదివారం వెళ్ళి వస్తాను. "కోలిన్ లెస్లీ ప్రెంటిస్, ఐదు వారాలు" అని రాయి. వాడి పేరు అలా ఎక్కడైనా ఉంటుందంటే నాకు సంతోషంగా ఉంది. చెప్తే నవ్వుతావేమో, నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం గ్లాసు షెర్రీ కూడా తాగాను.

ఇక్కడ వాన చుక్క లేదు. నీళ్ళు బాగా దిగిపోయి పాత ఊరు తేలింది. వంతెన స్తంభాలు, చర్చి మెట్లు, నరికిన పాప్లర్ చెట్ల మొద్దులు అన్నీ బురదలో కనపడుతున్నాయట. సెలవు రోజుల్లో కార్లేసుకుని వచ్చి చూస్తున్నారు జనం. అప్పట్లో ఇళ్ళు మోసిన ట్రక్కు తోలిన క్లారీ డన్‌స్టన్ నన్నూ రమ్మన్నాడు. నేను వెళ్ళలేదు. నావాళ్ళంతా పైనే ఉంటే ఆ బురదలో నాకేం పని?

తర్వాత కట్ట పంపు.

నీ పిన్ని

&nbsp;

గీలాంగ్,
6 మే 2007.

నోలా పిన్నికి,

ఆలస్యమైంది, క్షమించు. మూడో కట్ట పంపుతున్నాను. వీటిలో కొత్తగా అడగాల్సినవి పెద్దగా లేవు. వీలున్నప్పుడు చూసి పంపు. తొందరేమీ లేదు.

ఇక్కడ అందరం క్షేమం. మే కదా, చలి మొదలైంది. నీ ఆరోగ్యం జాగ్రత్త.

గ్లెనిస్

&nbsp;

కొత్త మురాంగా,
17 మే 2007.

గ్లెనిస్,

బ్యాంకు నుంచి కూడా ఇంతకంటే వెచ్చని ఉత్తరాలు వస్తాయి నాకు. ఏమైంది నీకు?

కట్ట చూశాను. రెండు వందల పదకొండు ఉంది. రెండు వందల పదమూడు ఉంది. మధ్యలోది లేదు. బల్ల కింద వెతికాను, కవరు చింపి చూశాను. నంబర్లు వేసేది ఊనా కూతురు. ఒకటి మరిచిపోయి రెండోది వేసే రకం కాదు.

212 ఏది?

నోలా

&nbsp;

గీలాంగ్,
27 మే 2007.

పిన్నీ,

నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది అయిదోది, ఇదే పోస్టులో వేస్తాను.

212లో లెస్ బాబాయి టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాళ్ళ దగ్గర, చుట్టూ తెల్లరాళ్ళు పేర్చిన చిన్న చోటు. పక్కన ఎక్కడికీ పోని నాలుగు మెట్లు. మొదట అది కొత్త శ్మశానం అనుకుని అలాగే రాశాను. తర్వాత నువ్వు నేర్పినట్టు కొండ చూశాను. రెండు మూపులు. పాత ఊరు. చర్చి లేదు, మెట్లే ఉన్నాయి. అంటే ఊరు ఖాళీ చేశాక తీసింది. అప్పుడు ఫోటో తిప్పాను. అమ్మ రాసింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"3 మార్చి 1958. పాత మురాంగా. లెస్, కోలిన్ దగ్గర. చర్చి కింది మెట్టు కుడి మూల నుంచి మూడో పాప్లర్ మొద్దు వైపుకు నా కుట్టు టేపు పన్నెండు సార్లు, ఆపైన ఒక అడుగు. ఆఫీసువాళ్ళు వచ్చారు. లెస్ పార పెట్టనివ్వలేదు, పంపేశాడు. బాబును కదపలేదు. పైన రాయి మాత్రం వేస్తాడట. నోలాకు తెలియకూడదు. నీళ్ళు ఇంకా వంతెన దగ్గరే ఉన్నాయి."

ఏప్రిల్‌లో నీ ఉత్తరం వచ్చిన మర్నాడే ఇది నా చేతికి వచ్చింది. వాడు వాళ్ళ నాన్న పక్కన ఉన్నాడని నువ్వు రాసిన కాగితం ఒక చేతిలో, ఇది ఇంకో చేతిలో. నాకు భయమేసింది పిన్నీ. నువ్వు బాధపడతావని భయం, అమ్మను ఇక ఎప్పటికీ క్షమించవని ఇంకా భయం. అందుకే దాచాను. నీకు అబద్ధం చెప్పిన మూడోదాన్ని నేనే.

రెండు వైపులా కాపీ తీసి ఇందులో పెట్టాను.

గ్లెనిస్

&nbsp;

గీలాంగ్,
24 జూన్ 2007.

పిన్నీ,

నెల కావస్తోంది. తిట్టడానికైనా రాయి. జానిస్‌కు ఫోన్ చేస్తే నువ్వు బాగానే ఉన్నావంది. తనకు నేనేమీ చెప్పలేదు.

గ్లెనిస్

&nbsp;

కొత్త మురాంగా,
8 జులై 2007.

గ్లెనిస్,

నేను బాగా లేను. నలభై తొమ్మిదేళ్ళు ఆదివారం ఆదివారం ఒక రాతితో మాట్లాడాను. పళ్ళొచ్చే వయసు, బడికెళ్ళే వయసు, పెళ్ళి చేసుకునే వయసు, అన్నీ లెక్కపెట్టి చెప్పాను. మంచు పడితే చీపురుతో ఊడ్చాను. దాని కింద మట్టి తప్ప ఏమీ లేదు. నా బిడ్డ నీళ్ళ కింద ఒక్కడూ ఉన్నాడు.

ఆ ఉత్తరం వచ్చిన రోజే శ్మశానానికి వెళ్ళి మీ బాబాయిని తిట్టాను. గట్టిగా, పేరు పెట్టి. అవతల ఎవరో పూలు పెడుతున్నవాళ్ళు తలతిప్పి చూశారు. చూడనీ. పార పడుతుంటే చూడలేకపోయాడు, అది నాకు అర్థమవుతుంది. అంత మెత్తటివాడు. కోడిని కోయమంటే పక్కింటికి తీసుకుపోయేవాడు. కానీ చెప్పొచ్చు కదా! ముప్ఫై ఒక్క ఏళ్ళు నా పక్కనే పడుకుని లేచాడు.

లెస్‌నైనా వదిలేస్తాను, అక్కను వదలను. ప్రతి క్రిస్మస్‌కూ వచ్చేది. నాతో శ్మశానానికి వచ్చి, ఆ రాయి దగ్గర నిలబడి నా భుజం మీద చెయ్యి వేసేది. తెలిసి.

212 తీసెయ్యి. నీ గళ్ళలో ఒక్క మాట కూడా ఉండకూడదు. జానిస్ తన తండ్రిని దేవుడిలా కొలుస్తుంది. క్రిస్మస్ పూట డిస్క్ పెట్టి, నాన్న, పెద్దమ్మ కలిసి అమ్మను మోసం చేశారని చదవాలా? కాల్చెయ్యి.

నోలా

&nbsp;

గీలాంగ్,
19 జులై 2007.

పిన్నీ,

నువ్వెలా చెప్తే అలాగే చేస్తాను. ఇది నీది. నాది కాదు, అమ్మదీ కాదు.

ఒక్కటే అడుగుతాను. అమ్మ ఏ ఫోటో వెనకా గజాలు, అడుగులు రాయలేదు. ఆరు వందల ముప్ఫై ఒక్కటీ చూశాను. ఈ ఒక్కదాని వెనకే రాసింది. నీకు చెప్పకూడదనుకున్న మనిషి, నీళ్ళు వస్తున్నాయని తెలిసిన మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని పన్నెండుసార్లు టేపు వేసి ఎవరి కోసం కొలిచింది? ఆమె చేసింది మంచి అని నేను అనను. నాకూ కోపంగానే ఉంది. కానీ అది చదివినప్పుడల్లా నాకు ఆమె మీద గౌరవం పెరుగుతోంది, ఏం చేయను?

పేపర్లో చూశాను, కొండల మీద ఈసారి మంచు బాగా పడిందట. చలికాలం పోయి సెప్టెంబరులో కరిగితే నీళ్ళు మళ్ళీ పైకొచ్చి ఆ చోటు మునుగుతుంది. అప్పటిదాకా తీసెయ్యకుండా ఆగనా? తర్వాత నీ మాటే. రమ్మంటే బయలుదేరి వస్తాను.

గ్లెనిస్

&nbsp;

కొత్త మురాంగా,
26 ఆగస్టు 2007.

గ్లెనిస్ తల్లీ,

నిన్ను రమ్మనలేదు, ఏమీ అనుకోకు. ఇది నేనే చేయాలనిపించింది. క్లారీని మాత్రం పిలిచాను, వాడికి ట్రక్కుంది.

పోయిన ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. బురద పైన గడ్డకట్టి ఉంది, కాలు వేస్తే పటపటమంది. మా వీధి గుర్తుపట్టాను. మా వాకిలి మెట్టు ఇంకా ఉంది. చర్చి మెట్ల మీద పిల్లలెవరో బీరు సీసా పెట్టి పోయారు, తీసి పక్కన పడేశాను. మొద్దులు నల్లగా అయిపోయాయిగానీ వరసలోనే ఉన్నాయి. మూడోది చూసుకుని, కింది మెట్టు కుడి మూల నుంచి నా కుట్టు టేపు వేయడం మొదలుపెట్టాం. ఒక కొస క్లారీ, ఒక కొస నేను. తొమ్మిదో, పదో దగ్గర లెక్క తప్పింది.

"తొమ్మిదే," అన్నాడు క్లారీ.

"పది. నీకు బళ్ళోనే లెక్కలు రావు."

"మీ అక్కయితే ఒక్కసారికే తేల్చేసేది."

"నోర్మూసుకుని మళ్ళీ మెట్టు దగ్గరికి నడువు," అన్నాను.

రెండోసారి సరిగ్గా పన్నెండు వేశాం, ఆపైన అడుగు. పైకి ఏమీ లేదు, బురదే. చేతి తొడుగులు తీసేసి గోకాను. నాలుగు వేళ్ళ లోతున తెల్లరాయి తగిలింది. దాని పక్కన ఇంకోటి. క్లారీ కూడా కూర్చున్నాడు, ఎనభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు విరిగేలా. పదిహేడు రాళ్ళు తేల్చాం, గుండ్రంగా, ఒక్కటీ కదలకుండా. అవి నేను ఏటి నుంచి ఏప్రన్‌లో మోసుకొచ్చినవే. యాభై అయిదులో. నీళ్ళు వాటి జోలికి పోలేదు.

గ్లెనిస్, మీ అమ్మ అంగుళం కూడా తప్పు రాయలేదు. నా మొహం మీద అబద్ధం చెప్పగలిగింది గానీ ఫోటో వెనక చెప్పలేకపోయింది. ఆ బురదలో కూర్చుని ఏడ్చాను. కోపంతో కాదు. ఎంత గట్టి మనిషి నా అక్క! నాకు ఎప్పటికైనా అవసరం పడుతుందని అనుకుంది. నాకు చెప్పే ధైర్యం లేకపోయినా, నన్ను దారి తప్పనివ్వలేదు.

క్లారీ అడిగాడు. "ఇప్పుడైనా పైకి తెద్దామా? ఆఫీసుకు రాస్తే ఒప్పుకుంటారేమో."

ఆలోచించాను. చాలాసేపు ఆలోచించాను. రాళ్ళు తేల్చేటప్పుడు నా చెయ్యి పదిహేడో రాయి దగ్గర ఆగిపోయింది, ఇంకొంచెం లోతుకు పోవడానికి మనసొప్పలేదు. అప్పుడు లెస్ అర్థమయ్యాడు నాకు. "వద్దు," అన్నాను. "రాయి తెద్దాం."

మధ్యాహ్నం శ్మశానానికి వెళ్ళి ఆ చిన్న రాయి తవ్వి తీశాం. ఫాదర్ దగ్గర అనుమతి తీసుకున్నాం, దొంగతనం కాదు. క్లారీ ట్రక్కులో వేసి, "ఏమ్మా నోలా, ఊరంతటినీ ఈ దారినే పైకి మోశాను. కిందికి సామాను మోయడం ఇదే మొదలు" అన్నాడు. చీకటి పడేలోపు తెల్లరాళ్ళ నడుమ నిలబెట్టి గట్టిగా తొక్కాం. ఇప్పుడు వాడి పేరు వాడి దగ్గరే ఉంది. నీళ్ళు రానీ.

క్లారీ మనవరాలి కెమెరాతో ఒక ఫోటో తీశాడు. వంకరగా వచ్చింది, నా తల సగం తెగింది, కొండ మాత్రం బాగా పడింది. పంపుతున్నాను, దానికీ ఒక నంబరు వెయ్యి. ఎవరు తీశారో రాయి, లేకపోతే ముసలాడు అలుగుతాడు.

ఇక 212. తీసెయ్యమన్నాను కదా, తీయకు. మీ అమ్మ రాసింది అక్షరం మార్చకుండా పెట్టు. తెలియకూడదు అన్న మాట కూడా ఉండాలి. జానిస్‌కు నేనే చెప్పాను. ఏడ్చింది, తర్వాత వాళ్ళ నాన్న ఫోటో పెద్దది చేయించి పంపమంది. అందరూ చదవనీ. అయితే అక్క మాటల కింద, నా పేరు మీద, ఒక్క వాక్యం చేర్చు.

నోలాకు తెలుసు. 19 ఆగస్టు 2007.

నీ పిన్ని,
నోలా